గుట్టుగుహకు కాపలా

ఒక పెద్ద అడవిలో సింహం మహారాజుకు గుట్టుగుహ అని ఒకటుండేది. రాజ్యరహస్యాలన్నీ అందులోనే ఉంటాయని చెప్పుకునేవారు. లోపల ఏముందో ఎవరూ చూడలేదు కాబట్టి, చాలా ఉందనే అందరి నమ్మకం.

గుహ కాపలా కాసే ఉడుము ముసలిదై మానుకుంది. ఆ ఉద్యోగం మీద ముంగిస సోమలింగం కన్ను పడింది. పడక ఏం చేస్తుంది పాపం! వానాకాలంలో పిల్లలకు జబ్బు చేస్తే ఎలుగుబంటి గవరయ్య దగ్గర నలభై తేనెపట్లు అప్పు తెచ్చాడు. తాకట్టు పెట్టింది ఉంటున్న కన్నాన్నే. అమావాస్యలోగా తీర్చకపోతే పెళ్లాంపిల్లలతో బయట పడాలి.

దరఖాస్తులు నక్కగారు చూస్తున్నారు. వరసలో ముందు తాబేలు ఉన్నాడు.

"అప్పులున్నాయా?"

"ఉందండీ. కుందేలుకు రెండు కట్టల ఆకుకూర బాకీ. రోజుకో ఆకు చొప్పున తీరుస్తున్నా."

"అప్పున్నవాడి పీక అప్పిచ్చినవాడి చేతిలో ఉంటుంది. అది నొక్కితే రహస్యాలు బయటికొస్తాయి. నువ్వు పనికిరావు, వెళ్లు."

"నేను చెప్పకుండా దాచేసి ఉంటే?"

"అప్పుడు మాకు తెలిసేది కాదుగా!" అని విసుక్కున్నారు నక్కగారు. "ఊఁ, తర్వాత ఎవరు?"

తర్వాత సోమలింగమే.

"అప్పా? నాకా? ఎంతమాటండీ!"

"అయితే అడవిలో అందరికీ అప్పులిచ్చే గవరయ్య చేత బాకీ లేదని పత్రం రాయించుకురా."

సోమలింగం పరుగున వెళ్లి గవరయ్య కాళ్లమీద పడ్డాడు.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు గవరయ్య. "పత్రం ఇస్తా. ఉద్యోగంలో చేరాక గుహలో నాకు తెలియని సంగతి ఒక్కటి నా చెవిన వెయ్యి. నీ బాకీ మొత్తం కొట్టేస్తా."

"వద్దయ్యో, కాపలాకు పోయి దొంగతనమా?" అని పెళ్లాం నెత్తీనోరూ కొట్టుకుంది. సోమలింగం వినలేదు. తేనె పూసిన పంజాతో గవరయ్య ముద్ర వేసిన ఆకు పట్టుకుని నక్కగారి ముందు నిలబడ్డాడు. నక్కగారు ఆ ముద్ర చూశారు, వాసన చూశారు, ఓసారి నాకి కూడా చూశారు.

"ఇంత శుభ్రమైన పత్రం నా సర్వీసులో చూడలేదు. రేపే చేరు."

మర్నాడు సోమలింగం గుహలోకి వెళ్లాడు. మూలన ఒకే ఒక్క తాటాకు ఉంది. సింహం మహారాజు ఎలుగుబంటి గవరయ్యకు తొమ్మిది వందల తేనెపట్లు బాకీ. తూర్పు కొండ తాకట్టు. అంతే!

ఆయాసపడుతూ వెళ్లి ఆ సంగతి గవరయ్య చెవిలో ఊదాడు.

"ఓరి పిచ్చి సన్నాసీ! ఆ తాటాకు రాసిందే నేను. నాకు తెలియనిది చెప్పమన్నాగా?"

"ఇంకేమీ లేదు బాబూ, గుహంతా వెతికాను!"

"అయితే నీ బాకీ కూడా ఎక్కడికీ పోలేదు."

అమావాస్య నాడు కన్నం పోయింది. అప్పు దాచి ఉద్యోగంలో చేరాడని గవరయ్యే వెళ్లి చెప్పడంతో ఉద్యోగమూ పోయింది. దొంగపత్రం ఇచ్చిందెవరని నక్కగారు అడగలేదు.

సోమలింగానికి ఒళ్లు మండిపోయింది. నిండు సభలో లేచి అడిగేశాడు.

"మహాప్రభూ, అప్పున్నవాడు ఆ గుహ ఛాయలకు రాకూడదు కదా. మరి తమరు..."

సింహం జూలు విదిల్చి దగ్గింది. సభంతా తలలు దించుకుంది.

"ఆ నిబంధన కాపలాదారుకేనోయ్, యజమానికి కాదు," అని నక్కగారు చప్పున అందుకున్నారు. "ప్రభూ, ఈసారి పొరపాటు జరగదు. అడవంతా గాలించాను. ఎవరికీ చిల్లిగవ్వ బాకీ లేనివాడు ఒకే ఒక్కడు దొరికాడు."

గవరయ్య వినయంగా ముందుకొచ్చి తాళంచెవి అందుకున్నాడు.

కన్నం పోయిన సోమలింగం పిల్లల్ని తాబేలు తన పొదలోకి రమ్మన్నాడు. ఆ పూట కుందేలుకు ఇవ్వాల్సిన ఆకు ఇంకా అతని నోట్లోనే ఉంది.

నీతి: అప్పులున్నవాణ్ణి గుమ్మం దగ్గరికి కూడా రానివ్వకూడదు, అప్పిచ్చినవాడికైతే ఇల్లే అప్పగించవచ్చు.