పంతులమ్మ అడిగిన గుప్పెడు పెంటికలు

ఆ పొద్దున జానయ్య అనుకున్న పనులు మూడే. అంబలి తాగడం, గొర్రెల మందను గుట్ట మీదికి తోలడం, పోతూ పోతూ జంగారెడ్డి పటేలు వాకిట్లో ఆగి "ఈయేడు గూడ నీ మందనే" అనిపించుకోవడం. మొదటి రెండూ రోజూ ఉండేవే. మూడో దాని మీదే ఆ ఇంటి ఎండాకాలమంతా ఆధారపడి ఉంది. పంటలు ఇంటికి చేరాక రైతులు ఖాళీ మెట్ట చెలకల్లో గొర్రెల మందను కొన్నాళ్ళు రాత్రిపూట పడుకోబెట్టిస్తారు. ఎరువు చెలకకు, జొన్నలు కాపరికి. జంగారెడ్డి ఎనిమిదెకరాల చెలకలో ఇరవై ఏళ్ళుగా పడుకుంటున్నది జానయ్య మందే. ఆ జొన్నలు రాకపోతే వానలు పడేదాకా ఇంట్లో గటక ఉడకదు. అలాంటి చెలక మీద ఈ ఏడు సొంత బావమరిది మల్లప్ప కన్నేశాడని నాలుగు రోజులుగా వినపడుతోంది.

వినపడకపోయినా జానయ్య అనుమానించేవాడే. అనుమానం అతనికి పుట్టుకతో వచ్చింది. దుకాణంలో ఉప్పు కొంటే ఇంటిదాకా ఆగలేక దారిలోనే నాకి చూసుకొనే మనిషి.

గొంగడి భుజాన వేసుకొని గడప దాటబోతుంటే మనుమరాలు బీరమ్మ అడ్డం వచ్చింది. ఆ పిల్ల మూడో తరగతి.

"తాతా, గుప్పెడు పెంటికలు మూటగట్టియ్యి. బడికి తీస్కపోవాలె."

"బడికి పలక తీస్కపోతరు, బలపం తీస్కపోతరు. గొర్ల పెంటికలెందుకే?"

"మందలున్న ఇండ్లోళ్ళనందరిని పంతులమ్మ తెమ్మన్నది. పగిలిన కుండలల్ల మన్ను నింపి పెట్టింది. పెంటికలు అండ్ల ఏసి, రోజు నీళ్ళు పోసి చూస్తదట. కుండ మీద నీ పేరు రాస్తదట."

జానయ్య గుండెల్లో రాయి పడింది. "ఎవని పేరు?"

"నీదే. మంద నీదే గద!"

పంతులమ్మ పేరు మంజులత. ఆరు నెలల కిందట కృష్ణకు ఆవలి నుంచి ఆ ఊరి బడికి వచ్చింది. బ్లాకు ఆఫీసు వాళ్ళు ఆ ఏడు, అంటే అరవైనాలుగులో, బడికి ఒక పెట్టెడు పిల్లల పుస్తకాలు పంపారు. వాటిలో సింహాలున్నాయి, రాజకుమార్తెలున్నారు గానీ ఊరి చెరువుకట్టను కమ్ముకొస్తున్న సర్కారు తుమ్మ సంగతి ఒక్క ముక్క లేదు. దాంతో ఆమే కాగితాలు కుట్టి, రంగులతో బొమ్మలు వేసి, 'చుట్టమై వచ్చిన చెట్టు' అని ఒక పుస్తకం తయారు చేసింది. అందులో పరాయి దేశపు ముళ్ళచెట్టు ఒకటి కాస్త చోటిమ్మని ఊళ్ళోకి వస్తుంది. వచ్చి తంగేడును తోసేస్తుంది, పచ్చికను తోసేస్తుంది. దాని తియ్యటి కాయలు గొర్రెలు తింటాయి. అరగని గింజలు పెంటికల్లో పడి, మంద ఎక్కడ పడుకుంటే అక్కడ మొలుస్తాయి. నిజమో కాదో మీరే మొలిపించి చూడండి అని చివరి పేజీలో ఉంది. పిల్లలకు ఆ పుస్తకం తెగ నచ్చింది.

బీరమ్మ కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. జానయ్యకు ఒక్క అక్షరం నచ్చలేదు.

"గా తుమ్మను తెచ్చి కట్ట మీద పెట్టిందే సర్కారు. పంతులమ్మకు జీతమిచ్చేది సర్కారు. సర్కారు చెట్టును సర్కారు మనిషి తిడతదా? ఏదో మతలబున్నది," అన్నాడు భార్య సోమమ్మతో.

"పెంటికలే గదయ్యా అడిగింది. పొట్టేలునడగలే గద. కట్టియ్యరాదు," అంది సోమమ్మ.

జానయ్య కట్టివ్వలేదు. రేపిస్తానని పిల్లను పంపించి, పటేలు సంగతి కూడా మరిచిపోయి, సైదులును వెతుక్కుంటూ పోయాడు. సైదులు రోజూ నార్కట్‌పల్లికి పాలు మోసే మనిషి. అక్కడి హోటల్ బెంచీ మీద కూర్చొని లోకజ్ఞానమంతా సంపాదించాడని ఊళ్ళో పేరు. సంగతంతా విని, వైద్యుడు రోగిని అడిగినట్టు మూడే ప్రశ్నలు అడిగాడు.

"కుండ కొత్తదా, పగిలిందా?"

"పగిలిందట."

"మన్ను యాడిది?"

"చెరువు మన్నట."

"పేరు దేనితోని రాస్తదట?"

"ఎర్ర రంగుతోనట."

సైదులు పాలబిందె కింద పెట్టాడు. "బాణామతే. ఇంక అడుగుడెందుకు."

చేతబడికి ఆ ప్రాంతంలో ఉన్న పేరు అది. జానయ్య పాలబిందెకు అడ్డం నిలబడి, "ఇయ్యనే ఇయ్యకపోతే?" అన్నాడు.

"దాస్తున్నవని ఇంక గట్టిగ చేస్తరు."

"మరి ఎట్లరా?"

"పేరుదేముంది, రాసుకోనియ్యి. మంత్రం పట్టుకునేది పెంటికను. ఏ మంద పెంటిక పడితే గా మందకే తగుల్తది. నేనైతే ఏం చెప్పలే. నన్ను నడుమకు గుంజకు," అని సైదులు బిందె ఎత్తుకొని పోయాడు.

మధ్యాహ్నం మందను గుట్ట మీద కొడుక్కు అప్పజెప్పి జానయ్య ఊళ్ళోకి దిగాడు. మల్లప్ప మంద చెరువుకట్ట దిక్కు పోయింది, దొడ్డి ఖాళీగా ఉంది. చుట్టూ చూసి, వంగి, గుప్పెడు పెంటికలు పాత గుడ్డలో మూటగట్టి గొంగడి కింద దాచాడు. తప్పు చేస్తున్నానని తెలుసు. మల్లప్ప పరాయివాడు కాదు, సోమమ్మకు తోడబుట్టిన అన్న. అయినా జంగారెడ్డి చెలక మీద కన్ను వేసింది వాడే గదా అనుకొని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

దొడ్డి మలుపు తిరిగేసరికి ఎదురుగా మల్లప్పే వస్తున్నాడు. నిప్పులు చెరిగే ఎండలో అతనూ గొంగడి కప్పుకొనే ఉన్నాడు.

"ఏం బావా, గీ ఎండల ఎటు?" అన్నాడు మల్లప్ప.

"నీ దిక్కే వచ్చిన బావా. మంచిగున్నవా అని. నువ్వెటు?"

"నేను గూడ నీ ఇంటికే పోయొస్తున్న. చెల్లెను చూద్దామని."

ఇద్దరికీ కుడిచెయ్యి గొంగడిలోనే ఉంది. మల్లప్ప ఎడమచేత్తో బీడీ ఇచ్చాడు, జానయ్య ఎడమచేత్తో అందుకున్నాడు. అగ్గిపుల్ల గియ్యాలంటే రెండు చేతులు కావాలి. ఆ రెండో చెయ్యి ఇద్దరిలో ఎవరూ బయటికి తియ్యలేదు. వెలగని బీడీలు నోట్లో పెట్టుకొని, వానల గురించి రెండు మాటలు, దాణా గురించి రెండు మాటలు మాట్లాడుకొని, చాలా మర్యాదగా విడిపోయారు. తన మూట కనపడిందేమోనన్న భయంలో జానయ్య ఎదుటివాడి గొంగడిని గమనించనే లేదు. అంత అనుమానపు మనిషికి అవసరమైనప్పుడే అనుమానం రాలేదు.

మర్నాడు బీరమ్మ మూట పట్టుకుపోయింది. ఆ రోజు నుంచి జానయ్య మందను బడి ముందు నుంచే తోలడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి చూస్తే కుండలు వరసగా ఉన్నాయి, ఒకదాని మీద ఎర్రటి అక్షరాలు. చదువు రాకపోయినా అది తన పేరేనని వెన్నులో వణుకు చెప్పింది. లోపల పిల్లలు పుస్తకం చూస్తూ ఊగుతూ ఒకే మాట పాడుతున్నారు.

"చుట్టమై వచ్చింది, చోటంతా తనదంది! పొమ్మంటే పోనంది, పొలమంతా నాదంది!"

"మంత్రం పిల్లలతోని చదివిస్తాంది," అనుకున్నాడు జానయ్య. ఇంతలో పంతులమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, "జానయ్యగారూ, లోపలికి రండి, చూద్దురుగాని," అంది. ఆ ఊళ్ళో అతన్ని పుట్టాక ఎవరూ గారూ అనలేదు. గొర్రెలు కూడా వెనకబడేంత వేగంగా నడిచాడు.

ఆరో రోజున మల్లప్ప పొట్టేలు కుంటడం మొదలుపెట్టింది. ఆ కబురు విని జానయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తగిలింది! మొదట ప్రాణం తేలికపడింది, తర్వాత చేసిన తప్పు గుర్తొచ్చింది. చిన్నప్పుడు తనతో కలిసి మందలు కాసినవాడు మల్లప్ప. ఉండబట్టలేక పసరు నూరుకొని పోయి, పొట్టేలు కాలికి తనే కట్టు కట్టాడు. అది ముల్లు గుచ్చుకొన్న కుంటు. సర్కారు తుమ్మ ముల్లే. కానీ ఆ సమయంలో ముల్లును నమ్మే స్థితిలో అతను లేడు.

మల్లప్ప పక్కనే నిలబడి అదోలా అడిగాడు. "నీ గొర్లు మంచిగున్నయా బావా?"

"మంచిగున్నయి."

"ఒక్కటన్న దగ్గుతలేదా?"

"లేదు."

"పారుకుంటలేదా?"

"లేదంటున్న గద!"

మల్లప్ప ముఖం చిన్నబోయింది. తన మీద ఇంత ప్రేమ ఎప్పటి నుంచా అని జానయ్య దారి పొడుగునా ఆలోచించాడు.

పదో రోజు బీరమ్మ ఎగురుకుంటూ వచ్చింది. "తాతా, మన కుండల మొలకలొచ్చినయ్! అందరికన్న ముందు మనయే!"

మల్లప్ప పని అయిపోయిందని అర్థం చేసుకొని, జానయ్య పిల్ల చేతిలో బెల్లంముక్క పెట్టాడు. కళ్ళు మాత్రం ఎందుకో తడిశాయి.

శనివారం పంతులమ్మ ఊరందరినీ బడికి పిలిచింది. కుర్చీలో జంగారెడ్డి పటేలు, చాప మీద ఆడవాళ్ళు, గోడ వార మగవాళ్ళు. పిల్లలు తలా ఒక పేజీ గట్టిగా చదివారు. మొదట ఆవలించిన పటేలు, గొర్రెల బొమ్మ ఉన్న పేజీకి వచ్చేసరికి మీసం దువ్వడం ఆపేశాడు.

"పోయినేడు మా తమ్ముని చెలకల యాడ సూడు గవే ముండ్లు. గిట్లొచ్చినయా!"

పంతులమ్మ కుండలు బయటికి తెచ్చింది. ఒకదానిలో ఉత్త గడ్డి. ఇంకొక దానిలో ఎనిమిది మొలకలు. చెరువుకట్ట నుంచి తెచ్చిన చిన్న మొక్కను వాటి పక్కన పెట్టింది. ఆకుకు ఆకు సరిపోయింది. సందేహం లేదు, సర్కారు తుమ్మ.

"గడ్డి మొలిచింది మల్లప్పగారి కుండ. తుమ్మ మొలిచింది జానయ్యగారి కుండ," అంది పంతులమ్మ.

పటేలు లేచి నిలబడ్డాడు. "జానయ్యా, ఇరవై ఏండ్ల సంది నీదే పెట్టించిన. గిప్పుడు నా చెలక ముండ్లపాలు చేసుకోలేను. ఈయేడు మల్లప్ప మంద పెట్టిస్త."

జానయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. నోరు మూసుకుంటే జొన్నలు పోతాయి, ఎండాకాలమంతా ఇంట్లో పిల్లాజెల్లా పస్తు. నోరు తెరిస్తే సోమమ్మ చాప మీద మూడో వరసలోనే ఉంది. ఒకసారి ఆమె వైపు చూశాడు, ఒకసారి బీరమ్మ వైపు చూశాడు. బీరమ్మ తలవంచుకొని కళ్ళు తుడుచుకుంటోంది. అది చూశాక ఇక ఆగలేకపోయాడు.

"గవి నా మందయి కావు పటేలా! మల్లప్ప దొడ్లకెళ్ళి తెచ్చిన!"

"వీడు అబద్ధమాడుతుండు!" మల్లప్ప గోడ వదిలి ముందుకొచ్చాడు. "నా పెంటికలు కావాల్నంటే నా కుండ చూడుండ్రి. ఒక్క తుమ్మన్న ఉన్నదా?"

"అన్నా!" సోమమ్మ చాప మీది నుంచి లేచింది. "గానాడు మిట్టమధ్యాహ్నం నా దొడ్ల ఏం చేసినవ్? ఏమేరుతున్నవన్నా అంటే, మిరపచెట్లకు గుప్పెడు ఎరువు చెల్లే అన్నవ్. నీకు మిరపచెట్లెక్కడియి?"

మల్లప్ప మళ్ళీ గోడకు చేరబడ్డాడు. పటేలు వేళ్ళ మీద లెక్క కట్టుకున్నాడు. మల్లప్ప కుండలో జానయ్య పెంటికలు, జానయ్య కుండలో మల్లప్ప పెంటికలు. పోయినేడు తన తమ్ముడి చెలకలో పడుకున్నది కూడా మల్లప్ప మందే. జానయ్య మంద గుట్ట మీద మేసేది, అక్కడ తుమ్మ లేదు. లెక్క సరిపోయింది.

"ఇదంతా ఎందుకు చేశారండీ?" అని పంతులమ్మ అయోమయంగా అడిగింది.

జానయ్య గొణిగాడు. "బాణామతి చేస్తున్నవనుకున్నమమ్మా. సైదులు చెప్పిండు."

"నాకు గూడ వాడే చెప్పిండు," అన్నాడు మల్లప్ప.

సైదులు అప్పటికే పాలకు ఆలస్యమైందని వెళ్ళిపోయాడు.

"నేనా? మంత్రాలా?" మంజులతకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "పన్నెండో ఎక్కమే నా మాట వినడం లేదండీ వీళ్ళ నోట!"

సోమమ్మ మాత్రం నవ్వలేదు. మొగుడి ముందుకొచ్చి నిలబడింది. "నా అన్న మంద సచ్చిపోవాల్ననే తెచ్చినవా?"

"సావాల్నని కాదే. మనది బతకాల్నని."

అన్న వైపు తిరిగింది. "నువ్వు?"

"నేను గూడ గంతే చెల్లే," అన్నాడు మల్లప్ప.

"ఛీ! అలిగి తల్లిగారింటికి పోదామంటే గాడ గూడ దొంగనే ఉండె," అని సోమమ్మ బీరమ్మ చెయ్యి పట్టుకొని ఇంటిదారి పట్టింది.

ఆ సాయంత్రమే పంతులమ్మ ఒక ఉపాయం చెప్పింది. వారం రోజులు మందను కట్ట దిక్కు పోనివ్వకుండా జొన్నచొప్ప మేపితే, కడుపులో గింజలన్నీ దొడ్లోనే పడిపోతాయి, తర్వాత ఏ చెలకలో పడుకోబెట్టినా భయం లేదు అంది. మల్లప్ప అందుకు సరేనన్నాడు, పటేలు తమ్ముడి చెలకలో మొలిచిన ముళ్ళు కూడా తనే పీకుతానన్నాడు. జంగారెడ్డి ఎనిమిదెకరాలు జానయ్యకే దక్కాయి.

మొదటి రోజు తెల్లవారి జానయ్య చెలకలో తలపాగా సవరించుకొని ఠీవిగా నిలబడ్డాడు. అంతలో పటేలు కర్ర పట్టుకొని వచ్చాడు. పలకరింపు లేదు, ఏమీ లేదు. కూర్చొని ఒక్కొక్క పెంటికనే కర్రతో చితిపి చూడసాగాడు. చూసి చూసి, లేచి, గొర్రెల చెవులకు గుర్తుగా కోసిన గంట్లు జానయ్యవేనా కావా అని ఒక్కొక్క చెవీ పట్టుకొని పరీక్ష చేశాడు.

జానయ్యకు చాలా బాధ కలిగింది. "ఇరవై ఏండ్లాయె పటేలా. నా మంద మీద గింతన్న నమ్మకం లేదా?"

పటేలు ఇంకో గొర్రె చెవి పట్టుకుంటూ అన్నాడు. "మంద మీద నమ్మకం లేకుంటే చెలకల అడుగు పెట్టనిద్దునా? లేంది నీ మీదనే."