జనగామ రోడ్డు మీది హోటలు

ఆ రోజు చంద్రమోహన్ వేసుకున్న ప్లాను అరచేయంత కాగితంలో సరిపోయింది. పొద్దున ఏడింటికి హైదరాబాద్‌లో ఇడ్లీ, పన్నెండున్నరకు హన్మకొండ ఏసీ హోటల్లో భోజనం, సాయంత్రానికి రామప్ప గుడి, మర్నాడు భూపాలపల్లి అడవి. అందులో జనగామ పేరే లేదు. జనగామ మీదుగా పోవాలి తప్ప జనగామలో ఆగే ఉద్దేశం ఆయనకు ఎంతమాత్రం లేదు.

ఆయనది కొడకండ్ల. పదకొండేళ్లుగా ఢిల్లీలో ఒక మోటారు పంపుల కంపెనీలో ఉద్యోగం. అక్కడ ఆయన పేరు చంద్రమోహన్ కాదు, మద్రాసీ. మద్రాసును ఫొటోలో తప్ప చూడని మనిషిని పట్టుకుని, "రోజూ ఇడ్లీలేనా మీకు?" అని పలకరిస్తారు. చిన్నతనంలో ఆయనకు ఇడ్లీ అంటే జ్వరమొచ్చినప్పుడు జనగామ దవాఖాన ముందు బాపు కొనిపెట్టే వస్తువు. ఇంట్లో తిన్నది జొన్నరొట్టె, అన్నం, పచ్చిపులుసు.

ఢిల్లీ వెళ్లిన కొత్తలో సెలవు దొరికితే చాలు, భార్య కల్యాణిని వెంటబెట్టుకుని 'సౌత్ ఇండియన్' అని బోర్డున్న హోటలుకల్లా వెళ్లేవాడు. ఒకచోట సాంబారు తియ్యగా ఉండేది. ఇంకోచోట దోసెలో పనీరు కుక్కేవారు. అన్నం అడిగితే దోసెడు మెతుకులు తెచ్చి, దాని మీద రాజ్మా పోసి, పైగా నవ్వేవారు. బతుకమ్మకు నాలుగు రోజులు సెలవు కావాలని అర్జీ పెడితే, "పూలకు సెలవేమిటి?" అని తిప్పిపంపారు. ఆ రాత్రి కల్యాణి ఏడ్చింది. చంద్రమోహన్ ఏడవలేదు గానీ, ఎలాగైనా ఊరి దగ్గరికి వచ్చి పడాలని ఆ రోజే నిశ్చయించుకున్నాడు.

ఇన్నేళ్లకు ఆ దారి తెరుచుకుంది. కంపెనీ వరంగల్‌లో బ్రాంచి పెట్టాలనుకుంది. పెట్టాలా వద్దా, పెడితే ఎవరిని పంపాలి అన్నది పెద్దసారు సంధూ చేతిలో ఉంది. సంధూ సాబ్ రిటైర్మెంటుకు మూడేళ్ల దూరంలో ఉన్న సర్దార్జీ. అది రెండు వేల పది, ఫిబ్రవరి. "మీ వైపు రోజూ గొడవలని పేపర్లో రాస్తున్నారే?" అని ఆయన అడిగాడు.

"అవన్నీ హైదరాబాద్‌లో సార్. మా వైపు చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. మీరే సెలవు పెట్టి వచ్చి చూడండి," అన్నాడు చంద్రమోహన్. తెలంగాణ రావాలని ఆయనకూ ఉంది. దానికంటే ముందు ట్రాన్స్‌ఫర్ రావాలని ఉంది. ఢిల్లీ చలికి మోకాళ్లు పట్టేసి మూలుగుతున్న మిసెస్ సంధూ, వెచ్చగా ఉంటుందంటే తానూ వస్తానంది.

అలా ముగ్గురూ హైదరాబాద్‌లో దిగి, అద్దె కారెక్కి, సరదాగా కబుర్లాడుకుంటూ పెంబర్తి కమాను దాటారు. దాటి రెండు కిలోమీటర్లు పోగానే కారు ఆగింది. ముందు కనుచూపు మేర లారీలు.

"ఇగ పోదు సార్ బండి," అన్నాడు డ్రైవర్ జైపాల్ తెలుగులో, తాపీగా ఇంజను ఆపేస్తూ. "చౌరస్తాల వంటావార్పు."

రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తిని, అందాకా ఒక్క బండిని కదలనివ్వకపోవడం ఆ రోజుల్లో ఉద్యమం పద్ధతి. గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది. సంధూ సాబ్‌కు షుగర్. పన్నెండున్నరకు ముద్ద నోట్లో పడకపోతే చేతులు వణుకుతాయి. ఆ వణికే చేతులతోనే ఏడాదికి ఇద్దరి ట్రాన్స్‌ఫర్లు కొట్టేశాడని ఆఫీసులో చెప్పుకుంటారు.

"ఎందుకాగాం?" అని హిందీలో అడిగాడు సంధూ సాబ్.

చంద్రమోహన్ తల బయటపెట్టి చూశాడు. దూరంగా షామియానా, బగోనల్లోంచి లేస్తున్న ఆవిరి, వరసగా పరుస్తున్న మోదుగాకు విస్తళ్లు. బుర్ర ఆలోచించేలోపే నాలుక పని కానిచ్చేసింది.

"హోటలొచ్చింది సార్."

"రోడ్డు మధ్యలోనా?"

"ఓపెన్ ఎయిర్ సార్. చాలా పేరున్నది. ఎన్ని లారీలు ఆగాయో చూడండి."

లారీలు ఆగిన చోట తిండి బాగుంటుందన్నది పంజాబీలకు ఎవరూ నేర్పక్కర్లేని విద్య. సంధూ సాబ్ దిగి నడక సాగించాడు. మిసెస్ సంధూ మోకాళ్లు పట్టుకుని వెనకే నడిచింది.

ఎదురుగా యాకయ్య అనే బడిపంతులు వచ్చాడు. మెడలో కండువా, చేతిలో గంటె. ఆ పూట ఉద్యమానికీ కూరకూ ఆయనే పెద్ద.

"ఎవలన్నా మీరు? బండ్లు పోనియ్యం. రెండింటి దాంక గింతే."

"పోనియ్యకుంటె మానె గని అన్నా, జర గీ సారుకు రెండు ముద్దలు పెట్టున్రి," అని చంద్రమోహన్ గొంతు తగ్గించి బతిమాలాడు. "ఢిల్లీకెళ్లి వచ్చిండు. పెద్ద సారు. షుగరున్నది."

యాకయ్యకు షుగరుతో పనిలేదు. ఢిల్లీ ఒక్కటి చాలు. ఢిల్లీ నుంచి పెద్దమనిషెవరో వచ్చి జనం గోడు విని పోతాడని ఊరూరా అనుకుంటున్న రోజులవి. సంధూ సాబ్ తలపాగాను, బూట్లను, మళ్లీ తలపాగాను చూశాడు.

"చెప్పకుంటనే వచ్చిండ్రా?"

"ఆఁ, చెప్పకుంటనే వచ్చినం."

"గట్లనే రావాలె తమ్మీ! చెప్పి వస్తె అసలు సంగతేం తెలుస్తది?" యాకయ్య గంటెను పక్కవాడి చేతిలో పెట్టి మైకు అందుకున్నాడు. "అక్కలారా, అన్నలారా! మన గోస జూసెతందుకు ఢిల్లీకెళ్లి పెద్ద సారు, మేడము వచ్చిండ్రు. జై తెలంగాణ!"

మూడొందల గొంతులు ఒక్కసారిగా లేచాయి. సంధూ సాబ్ ఉలిక్కిపడ్డాడు. "ఏమంటున్నారు?"

"భోజనానికి ముందు ప్రార్థన సార్. ఇక్కడి ఆచారం."

సంధూ సాబ్ భక్తిపరుడు. ఒక్క క్షణం చంద్రమోహన్ ముఖంలోకి చూసి, చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. రెండో విడతకు తానే గొంతెత్తి "జై తెలంగాణ!" అన్నాడు. జనానికి పూనకం వచ్చినంత పనైంది. ఎవరో పరుగెత్తుకొచ్చి బంతిపూల దండ వేశారు. "పాగ జూసినవా? ఢిల్లీల పెద్ద కుర్సీకి దగ్గరి చుట్టమే అయుంటడు," అని వెనక ఎవరో తేల్చేశారు.

బంతిలో కూర్చోబెట్టారు. వడ్డించడానికి వచ్చిన ముసలమ్మ పేరు లచ్చవ్వ. అన్నం, పప్పు, వంకాయ కూర వేసి, పచ్చిపులుసు పోయబోతూ చంద్రమోహన్ ముందు ఆగింది.

"నువ్వు కొడకండ్ల సోమనర్సయ్య కొడుకువు గాదు?"

"కాదవ్వా," అన్నాడు చంద్రమోహన్. పుట్టి బుద్ధెరిగాక బాపును కాదనడం అదే మొదలు. ఊరివాడని తేలితే హోటలు గుట్టు బయటపడుతుందని భయం. లచ్చవ్వ రెండు గంటెల పచ్చిపులుసు పోసి ముందుకు పోయింది. కాసేపటికి ఆమె మిసెస్ సంధూ పక్కన చతికిలబడి ఆమె మోకాళ్లకు ఏదో నూనె రాస్తుంటే, ఇద్దరూ పగలబడి నవ్వుకోవడం కనిపించింది. సైగలతో ఎంత బాగా నవ్వుకుంటున్నారో అనుకున్నాడు చంద్రమోహన్.

తిన్నాక అయినా ప్రాణం కుదుటపడుతుందనుకుంటే, యాకయ్య మైకు తెచ్చి సంధూ సాబ్ చేతిలో పెట్టాడు. "కస్టమర్లు నాలుగు మాటలు మాట్లాడతారు సార్, ఇక్కడి పద్ధతి," అన్నాడు చంద్రమోహన్ చెమట తుడుచుకుంటూ. సంధూ సాబ్ లేచి, తన చిక్కటి పంజాబీ హిందీలో గంభీరంగా రెండు నిమిషాలు మాట్లాడాడు. తెలుగులో చెప్పమని జనం చంద్రమోహన్ మీద పడ్డారు.

"వంట మస్తుగున్నదంటున్నడు. పచ్చిపులుసు ఇంకింత పోయమంటున్నడు," అన్నాడు చంద్రమోహన్. ఆ రోజు మొత్తంలో ఆయన చెప్పిన నిజం అదొక్కటే. అదొక్కటే ఎవరూ నమ్మలేదు.

"గంతసేపు పచ్చిపులుసు గురించి మాట్లాడ్తరా? పెద్ద ముచ్చటేదో దాస్తున్నవ్!"

"పైకి చెప్పొద్దని సారే అని ఉంటడు తియ్యి," అని యాకయ్య కన్నుగీటి అందరినీ ఊరుకోబెట్టాడు. తర్వాత ఒక వినతిపత్రం తెచ్చి, దాని మీద ఒక మాట రాయమన్నాడు. అది అభిప్రాయాల పుస్తకమని చంద్రమోహన్ హిందీలో నమ్మబలికాడు. సంధూ సాబ్ కళ్లజోడు పెట్టుకుని, తీరిగ్గా, ఇంగ్లిషులో రాశాడు. యాకయ్య దాన్ని మైకులో చదివి తెలుగులో చెప్పాడు. "అన్నం జర మెత్తగైంది. పచ్చిపులుసు అద్భుతం. ఎన్నేండ్లు పట్టినా ఇట్లనే నడిపియ్యున్రి."

ఆఖరి మాటను యాకయ్య రెండుసార్లు చదివాడు. "అన్నం మెత్తగైన మాట గుడ నిజమే," అని కళ్లు తుడుచుకున్నాడు.

సరిగ్గా రెండింటికి పోలీసు వ్యాను వచ్చింది. ఉద్యమకారులను ఎక్కించుకుపోయి ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టడం, పేర్లు రాసుకుని సాయంత్రానికి వదిలేయడం అప్పటికి రెండు పక్షాలకూ అలవాటైన పనే. దండతో వెలిగిపోతున్న మనిషిని వదిలేస్తారా? నాయకుడని ముందుగా ఆయననే రమ్మన్నారు.

"ఇదేమిటి?" అన్నాడు సంధూ సాబ్.

"హోటలువాళ్ల బండి సార్. తిన్నవాళ్లను ఊళ్లో దించుతారు."

"మరి పోలీసులు?"

"సెక్యూరిటీ సార్."

సంధూ సాబ్ తల ఊపి, వ్యానెక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుని జనానికి చెయ్యి ఊపాడు. ఇంకేముంది, కొత్త పెళ్లికొడుకును అత్తారింటికి పంపినంత సందడిగా యాకయ్య మనుషులు, మిసెస్ సంధూను చెయ్యి పట్టుకుని లచ్చవ్వ వెనక ఎక్కారు. చంద్రమోహన్‌ను ఎవరూ పిలవలేదు. ఆయనే పరుగెత్తి ఎక్కాడు.

ఫంక్షన్ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. టీ ఇచ్చారు. "విశ్రాంతి గది కూడా ఉందే," అని సంధూ సాబ్ మెచ్చుకున్నాడు. ఇంకో గంట గట్టెక్కితే హన్మకొండ చేరొచ్చని చంద్రమోహన్ ముక్కోటి దేవతలకు మొక్కుతుండగా, సీఐ పుస్తకం పట్టుకుని వచ్చి సంధూ సాబ్‌ను హిందీలో అడిగాడు.

"పేరు?"

"గురుచరణ్ సింగ్ సంధూ."

"ఇక్కడేం చేశారు?"

"తెలంగాణ వంటావార్పులో కూర్చుని భోజనం చేశాను. పాల్గొన్నట్టే రాసుకోండి."

చంద్రమోహన్ చేతిలో టీ గ్లాసు జారి కింద పడింది.

"సార్... మీకు..."

"జై తెలంగాణ అంటే ప్రార్థనా? ఢిల్లీలో నేను పేపరు చదవననుకున్నావా?" అన్నాడు సంధూ సాబ్. "నువ్వు ఎందాకా పోతావో చూద్దామని ఊరుకున్నాను. వ్యాను హోటలువాళ్లదన్నావు చూడు, అక్కడ నిజంగా మెచ్చుకున్నాను."

"మిగతాది నాకు లచ్చవ్వ చెప్పింది," అంది మిసెస్ సంధూ. లచ్చవ్వ ఇరవై ఏళ్లు భివండిలో మరమగ్గాల దగ్గర బతికిన మనిషి. ఆమె హిందీ ముందు చంద్రమోహన్ హిందీ ఎందుకూ పనికిరాదు.

సంధూ సాబ్ గొంతు కాస్త మారింది. "మా రాష్ట్రం మాకు కావాలని మా నాన్న అమృత్‌సర్‌లో జైలుకు పోయినప్పుడు నాకు ఏడేళ్లు. రోజూ నేనే రొట్టెలు మోసుకెళ్లేవాణ్ని. నాకు ఇది హోటలని చెప్తావా?"

చంద్రమోహన్‌కు భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. ట్రాన్స్‌ఫర్ పోయింది, అది సరే. లచ్చవ్వ ముఖం చూడటం దానికన్నా కష్టంగా ఉంది.

"అవ్వా, నేను సోమనర్సయ్య కొడుకునే," అన్నాడు.

"ఎరికే బిడ్డా. నడుస్తుంటె మీ బాపు నడిచినట్టే ఉన్నది." ఆమె గొంతులో కోపం లేదు. "భివండిల నేను గుడ మద్రాసీనే. ఊరేదంటె చెప్పనీకి సిగ్గయితుండె. గా సిగ్గు పోవాల్ననే ఇయ్యాల రోడ్డు మీద పొయ్యి పెట్టినం. నువ్వేమొ గిది హోటలంటివి."

చంద్రమోహన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సీఐ దగ్గరికి పోయి, పుస్తకంలో తన పేరు, బాపు పేరు, ఊరి పేరు తానే రాయించుకున్నాడు.

మర్నాడు రామప్ప గుడి, అడవి అన్నీ చూశారు. దారి పొడుగునా సంధూ సాబ్ ట్రాన్స్‌ఫర్ మాట ఎత్తలేదు, చంద్రమోహన్ ఎత్తే ధైర్యం చేయలేదు. ఢిల్లీ చేరిన పదిహేనో రోజున పిలిచి, "బ్రాంచి ఖాయం చేశాను. మనుషులు నాకు నచ్చారు. నిన్ను కూడా క్షమించేశాను," అని కవరు చేతికిచ్చాడు. చంద్రమోహన్ దాన్ని అక్కడ విప్పలేదు. మెట్రోలో గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చి కల్యాణి చేతిలో పెట్టాడు. ఆమె సగం చదివి, సంచులు సర్దడానికి లేవబోయి, మిగతా సగం చదివి కూర్చుండిపోయింది.

మిసెస్ సంధూ మోకాళ్లకు లచ్చవ్వ నూనె తప్ప ఇంకేదీ పడటం లేదట. అందుకని వరంగల్ బ్రాంచికి పెద్దసారుగా సంధూ సాబే వెళ్తున్నాడు. ఢిల్లీలో ఆయన కుర్చీ చంద్రమోహన్‌కు ఇచ్చారు. ప్రమోషన్. మూడేళ్ల దాకా కదలడానికి లేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం సంధూ సాబ్ ఫోన్ చేస్తాడు. ఏ చౌరస్తాలో వంటావార్పు జరిగిందో, పచ్చిపులుసు ఎన్నిసార్లు పోయించుకున్నాడో చెప్పి, "ఈసారి అన్నం మెత్తగా కాలేదోయ్," అని పెట్టేస్తాడు.

చంద్రమోహన్ ఫోన్ పక్కన పెట్టి, కల్యాణి వడ్డించిన రాజ్మా వైపు చూసి, రొట్టె తుంచుకుంటాడు.