మోగని డాక్ మీద తీర్పు

“ఇందుమూలంగా సమస్త నివాసితులకూ తెలియజేయడమేమనగా, ధ్వని నాణ్యతా నిర్ధారణ ఉపసంఘం ఆమోదం లేనిదే మన అపార్ట్‌మెంటు హాల్లో ఏ శబ్దమూ మోగరాదు!”

శ్రీనగర్ కాలనీలో లిఫ్టు పక్కన ఈ నోటీసు అంటించినవారు ఉపసంఘం అధ్యక్షులు కృష్ణమోహన్ గారు. ప్రభుత్వం వారు ఆయన్ని రిటైర్ చేసి రెండేళ్లయింది. కుడిచెవి అంతకు ఏడాది ముందే స్వచ్ఛంద పదవీ విరమణ చేసింది. ఎడమచెవి ఎక్స్‌టెన్షన్ మీద నడుస్తోంది. ఈ రహస్యం భార్య జానకీదేవికి తప్ప మూడో చెవికి తెలియదు.

మూడో అంతస్తు లీలాకుమారి అమీర్‌పేటలో ఓ చౌక స్పీకర్ డాక్ కొనుక్కొచ్చింది. పైన ఫోను నిలబెడితే పాట మోగే పెట్టె. సాయంత్రాలు హాల్లో ఆడవాళ్లంతా పాటలతో వ్యాయామం చేసుకోవాలని ఆమె ఆశ. ఆ ఆశ కాస్తా పరీక్షకొచ్చింది.

ఆదివారం ఉదయం ఉపసంఘం కొలువుదీరింది. లీలాకుమారి డాక్ మీద ఫోను పెట్టింది. కృష్ణమోహన్ కళ్లు మూసుకున్నారు. మూసినట్టే మూసి, రెప్పల సందులోంచి పక్క సభ్యుడు ప్రవీణ్ తలకాయను గమనించసాగారు. ఆ తల ఊగింది. ఈయన తలా ఊగింది. అది వాలింది. ఈయనా తన్మయులై వాలారు!

“మంద్రస్థాయి ఫరవాలేదు. వయొలిన్ మాత్రం గరగరలాడుతోంది. చౌక సరుకు కదా! తిరస్కరిస్తున్నాం.”

ప్రవీణ్ కునుకు చెదిరి కళ్లు తెరిచాడు. “కరెక్ట్ చెప్పిన్రు సార్! వయొలిన్‌తోనే మస్తు పరేషాన్!”

“అన్నయ్యగారూ, ఇంకా ఆన్ చెయ్యలేదండీ. వైరు వెతుక్కుంటున్నాను,” అంది లీలాకుమారి.

హాలంతా నవ్వింది. ఆ నవ్వు మాత్రం కృష్ణమోహన్‌కు స్పష్టంగా వినపడింది.

ఇంటికెళ్లాక జానకీదేవి ఆయన ఎడమచెవి దగ్గరికి వంగింది. “వినపడట్లేదని చెప్పడానికి అంత సిగ్గేంటండీ?”

మర్నాడే పంజాగుట్టలో చెవి డాక్టరు ముందు కూర్చోబెట్టింది. వారం తిరిగేసరికి చెవిలోకి బఠాణీ గింజంత మిషను వచ్చింది. ఓహో, లోకం ఎంత మోతగా ఉంది! కుక్కరు కూత, ఫ్లైఓవర్ కింద హారన్లు, జానకీదేవి గాజులు... ఆయన కళ్లు చెమర్చాయి.

పశ్చాత్తాపంతో “ధ్వని అత్యుత్తమం” అని ఆమోదపత్రం రాసి, సంతకం పెట్టి, ఆ సాయంత్రమే హాల్లోకి నడిచారు. ఆమోదం కోసం ఆగకుండానే డాక్ మోగుతోంది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపుతున్నట్టుంది! పాట ఎక్కడో, మాట ఎక్కడో. ఆడవాళ్లంతా పళ్లు బిగించి చిరునవ్వులతో చేతులూపుతున్నారు. “మస్తుందమ్మా, మస్తుంది!” అని తాళం వేస్తున్న ప్రవీణ్ చెవుల్లో దూది ఉంది.

లీలాకుమారి పరుగున ఎదురొచ్చింది. “ఇప్పుడు చెప్పండి అన్నయ్యగారూ. నిజంగా ఎలా ఉంది?”

కృష్ణమోహన్ వెలిగిపోతున్న ఆమె ముఖం చూశారు. చేతిలోని కాగితం చూశారు. మిషను ఉన్న చెవిని మెల్లగా అరచేత్తో కప్పేసుకున్నారు.

“ఏంటమ్మా? సరిగ్గా వినపడట్లేదు!”