పువ్వు స్క్రూ పిస్తోలు

ఆ ఆదివారం కోసం క్లిఫర్డ్ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. పొద్దున్నే వేయించిన బేకన్ ముక్కలు, టీ. పదింటికి చర్చి పక్క హాల్లో పాత గాలి పిస్తోళ్ల సంఘం సమావేశం. ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి భోజనం. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఎవరి అటక మీద పాత పిస్తోలు దొరికినా అది క్లిఫర్డ్ బల్ల మీదకు రావలసిందే. ఏ ఏటిది, ఎంత చేస్తుంది అన్నదాంట్లో ముప్పై ఏళ్లుగా అతని మాటకు తిరుగులేదు. మనిషికి ఉన్న ఆస్తి కూడా ఆ మాటొక్కటే.

సమావేశంలో టీ పోసే ఆవిడకు కాలు బెణికింది కాబట్టి ఆ రోజు అతని భార్య మ్యూరియల్ కూడా బయలుదేరింది. అంతవరకు ఆమె ఆ హాలు గడప తొక్కి ఎరగదు.

"ఇనప ముక్కల్ని చూసి మురిసిపోయే మగాళ్లకి నేను టీ పొయ్యాలా? నా ఖర్మ!"

"ఇనప ముక్కలు కాదు మ్యూరియల్, చరిత్ర."

"సరేలే, నీ చరిత్రకి చక్కెర ఎన్ని చెంచాలో చెప్పు."

ముందుగా డెస్మండ్ వచ్చాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. సంతలో కొన్న పిస్తోలును తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. "మెరిపించి తెద్దామనుకున్నా గురువుగారూ. మా ఆవిడ గిన్నెలు తోమే పొడి కూడా చేతికిచ్చింది."

"తోమావా?" క్లిఫర్డ్ గుండె పట్టుకున్నాడు.

"లేదు లెండి, బద్ధకించా."

"నీ బద్ధకం చల్లగుండ! ఆ నీలి పూత పోతే సగం ధర పోయినట్టే. పొడిగుడ్డ, ఒక్క చుక్క నూనె, అంతే. ధారగా పోశావో, లోపల గాలి ఒత్తిడికి నూనె అంటుకుని ఢామ్మని పొగ కక్కుతుంది."

క్లిఫర్డ్ భూతద్దం పెట్టాడు. నంబరు, గొట్టం మీది ముద్ర, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. వందేళ్ల కిందటి మామూలు రకం, నూట యాభై పౌన్లు చేస్తుంది. కానీ పిడి చెక్కకు ఒక ఇత్తడి స్క్రూ ఉంది. దాని తల మీద చిన్న పువ్వు చెక్కి ఉంది. అలాంటిది ఏ జాబితాలోనూ లేదు. వెనక నుంచి ప్లంబరు బార్నబీ మెడ సాచాడు.

"ఆ పువ్వేంటి గురూ?"

తెలియదు అనేస్తే పోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చి, అలవాటు లేని చోటని వెనక్కి తిరిగిపోయింది.

"తొలి విడత," అన్నాడు క్లిఫర్డ్. "కొన్ని నెలలే చేశారు. చాలా అరుదు."

ఇక చూడాలి. పావుగంటలో ఇద్దరు సభ్యులకు అలాంటిది తామూ ఎక్కడో చూసినట్టు గుర్తొచ్చింది. మూడో ఆయనకు ఆ పువ్వు చెక్కిన తాతే గుర్తొచ్చాడు. డెస్మండ్ అమ్ముతాననగానే వేలం పాట ఆరువందల దగ్గర మొదలై రెండు వేలకు చేరింది. అది బార్నబీ పాట. సెలవులకు కారు వెనక తగిలించుకునే ఇల్లులాంటి బండి, కారవాన్, కొనుక్కుందామని నాలుగేళ్లుగా దాచుకున్న సొమ్ము అది.

అంతలో టీ పళ్లెంతో మ్యూరియల్ వచ్చింది. పిస్తోలును ఒకసారి చూసి, మొగుడి చెవి దగ్గరికి వంగింది.

"క్లిఫ్, అది మా నాయనమ్మ కుట్టుమిషను స్క్రూ. పద్దెనిమిదేళ్లుగా వెతుకుతున్నా."

క్లిఫర్డ్ నెత్తిన పిడుగు పడింది. అవును, ఈ పిస్తోలు ఒకప్పుడు తన దగ్గరున్నప్పుడు, ఊడిన పిడి బిగించడానికి ఆమెకు చెప్పకుండా పీకింది తనే. పిస్తోలు అమ్మేశాడు, సంగతి మరిచాడు. ఇప్పుడు నోరు విప్పితే ముప్పై ఏళ్ల పరువు పోతుంది, విప్పకపోతే బార్నబీ కారవాన్ పోతుంది. కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"బాబూ, తొలి విడతా లేదు, నా మొహమూ లేదు. అది కుట్టుమిషను స్క్రూ. బిగించింది నేనే."

 బార్నబీ పకపకా నవ్వాడు. "అమ్మ గురూ! ధర దించేసి నువ్వే కొట్టేద్దామనా?"

"ఒట్టు! కావాలంటే మ్యూరియల్‌నడుగు!"

"ఎన్నడూ రాని మనిషి ఇవాళే ఎందుకొచ్చిందా అనుకుంటున్నా. సాక్ష్యానికా! రెండు వేల అయిదు వందలు!"

మ్యూరియల్ టీ పళ్లెం కింద పెట్టింది. కేకు పళ్లెంలోంచి వెన్న కత్తి తీసి, నిపుణులందరూ హాహాకారాలు చేస్తుండగా స్క్రూ తిప్పేసి జేబులో వేసుకుంది. పిడి చెక్క ఊడి బల్ల మీద పడింది. దాని లోపలి వైపు, తను బాగు చేసిన ప్రతిదాని మీదా గీసినట్టే, క్లిఫర్డ్ సంతకం, తేదీ గీసి ఉన్నాయి.

అందరూ ఆ చెక్కను చేతులు మార్చుకుంటూ చూశారు. క్లిఫర్డ్ కుర్చీ దిగి, భూతద్దం మడిచి పెట్టెలో పెట్టాడు. ఇక దాన్ని తీసే పని ఉండదనుకున్నాడు.

"ఆగు గురూ," అన్నాడు బార్నబీ. "ముప్పై ఏళ్లలో నువ్వు తప్పు చెప్పిన పిస్తోలు ఇంకోటుందా?"

"లేదు," అన్నాడు క్లిఫర్డ్ నీరసంగా.

"అంటే అలాంటిది ఇదొక్కటే, ఇంతకన్నా అరుదేముంది? డెస్మండ్, మూడొందలిస్తా, ఇచ్చెయ్."

"నాలుగొందలు!" అన్నాడు మూడో ఆయన, తాతను మరిచిపోయి.

చివరికి నాలుగొందల యాభైకి బార్నబీయే పాడుకున్నాడు. స్క్రూ బేరం మాత్రం మ్యూరియల్‌తో విడిగా జరిగింది, ధర ఆమే కట్టింది, విలువ ఎంతని ఏ నిపుణుణ్ణీ అడగలేదు.