ఆసరా కేంద్రంలో పది నిమిషాల పని

ఆ పొద్దున తూనీగ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కాలేజీలోని ఆసరా కేంద్రానికి వెళ్లాలి, ఒక్క సందేహం తీర్చుకోవాలి, తొమ్మిదిన్నరకల్లా స్టాటిస్టిక్స్ క్లాసులో కూర్చోవాలి. పట్టుమని పది నిమిషాలు ఒకచోట నిలవదని ఇంట్లో వాళ్లు పెట్టిన ఆ తూనీగ పేరే కాలేజీలోనూ స్థిరపడిపోయింది. ఆమె సందేహం కూడా పెద్దదేమీ కాదు. పదిమంది మార్కులు సగటు నుంచి ఎంతెంత దూరం చెదిరాయో లెక్కకట్టి, చివర్లో పదితో కాక తొమ్మిదితో ఎందుకు భాగించాలి? మాస్టారిని అడిగితే "సూత్రమంతే, రాసుకో" అన్నారు.

చదువులో మునిగిపోతున్న పిల్లల్ని జుట్టు పట్టి ఒడ్డుకు లాగడానికి పెట్టిందే ఆ ఆసరా కేంద్రం. అక్కడి మేడం వెన్నలాంటి మనిషి. చిక్కల్లా ఎక్కడ ఆగాలో తెలియని మంచితనంతోనే.

"మేడం, ఒక్క డౌటు..."

"కూర్చో తల్లీ. ముందు ఈ ఫారం నింపు."

ఫారం నాలుగు పేజీలు. ఎన్ని గంటలు నిద్రపోతావు, ఎవరంటే భయం, ఏడుపు వస్తుందా, వస్తే ఎప్పుడు... అన్నీ నింపి తలెత్తేసరికి క్లాసు అయిపోయింది. లెక్కలు చెప్పే సీనియర్ మర్నాడు పదకొండింటికి వస్తాడన్నారు. పదకొండింటికి ఇంకో క్లాసుంది. అదీ పోయింది. సీనియర్ లెక్కను కిందా మీదా చూసి, "సూత్రమంతే, రాసుకో" అన్నాడు.

రెండు క్లాసులు తప్పితే కాలేజీ కంప్యూటరు దానంతటదే ఆసరా కేంద్రానికి చీటీ పంపుతుంది. "ఈ విద్యార్థిని క్లాసులకు రావడం లేదు. ఆసరా అవసరం." చీటీ చూసి మేడం గుండె చెరువైంది. బుధవారం పదింటికి సమయపాలన శిక్షణ వేసింది. అందులో కూర్చున్నందుకు మూడో క్లాసు పోయింది, మరో చీటీ వచ్చింది. ఏకాగ్రత శిక్షణ వేసింది. ఇంకో చీటీ. ఈసారి పరీక్షల భయం పోగొట్టే శిక్షణ.

"నాకు భయం లేదు మేడం!"

"భయమున్న వాళ్లంతా ముందు ఆ మాటే అంటారమ్మా."

కలుపు తీయబోయి పైరు పీకినట్టయింది వ్యవహారం. నెలన్నర తిరిగేసరికి నోటీసు బోర్డు మీద తూనీగ పేరు ఎక్కింది. హాజరు అరవై రెండు శాతం. డెబ్బై అయిదు లేకపోతే హాల్‌టికెట్ లేదు, హాల్‌టికెట్ లేకపోతే ఏడాది గంగపాలు.

తల్లి దర్జీ. కబురందగానే మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది.

"రోజూ పొద్దున్నే తయారై పోతున్నావు కదే! కాలేజీకి కాక ఎక్కడికి పోతున్నావు?"

"కాలేజీకేనమ్మా."

"మరి క్లాసులో లేవంటున్నారే!"

"బాగుపడుతున్నానమ్మా, పక్క గదిలో."

మేడంను వెంటబెట్టుకొని తల్లీకూతుళ్లు ప్రిన్సిపాల్ గదికి వెళ్లారు. ఆయన నిబంధనల పుస్తకం తెరవకుండా నోరు తెరవడు. పుస్తకంలో ఓ దారి దొరికింది. చదువులో నిజంగా వెనకబడిందని రుజువైతే, కేంద్రంలో గడిపిన గంటలకు మాఫీ. రుజువుకు చిన్న పరీక్ష, ఇరవై ప్రశ్నలు, అక్కడే, అప్పుడే.

"తప్పులు రాయవే, నీకు పుణ్యముంటుంది," అని తల్లి చెవిలో బతిమాలింది.

తూనీగ ఒప్పుకుంది. మొదటి ప్రశ్నకు నిఖార్సైన తప్పు రాసింది కూడా. కానీ కళ్లెదుట తప్పు పెట్టుకొని కూర్చోవడం ఆమె తరం కాలేదు. చేతులు దురద పెట్టాయి. కొట్టేసి దిద్దింది. ఆపైన ఆగలేదు. పన్నెండు నిమిషాల్లో ఇరవైకి ఇరవై!

"ఈ పిల్లకి ఏ ఆసరా అక్కర్లేదండీ!" అని మేడం ఆనందంగా చప్పట్లు కొట్టింది.

"అయితే ఇన్నాళ్లూ ఊరికే క్లాసులు ఎగ్గొట్టినట్టేగా," అని ప్రిన్సిపాల్ పుస్తకం మూసేశాడు. మేడం చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

తల్లి ముందుకొచ్చింది. "అయ్యా, కొలతలు తీసింది మీరు, కత్తిరించింది మీరు. ఇప్పుడు పిల్లే సరిపోలేదంటే ఎలాగండీ?"

అంతలో తలుపు తోసుకొని ముగ్గురు పిల్లలు నోటు పుస్తకాలతో లోపలికి తొంగిచూశారు.

"తూనీగా, ఇక్కడున్నావా! నిన్న లెక్క సగంలో వదిలేసి పోయావు. పొద్దుట్నించీ వెతుకుతున్నాం."

"ఏం లెక్క?" అన్నాడు ప్రిన్సిపాల్.

"భయం క్లాసులో రోజూ తనే చెబుతుంది సార్. మేడం కళ్లు మూసుకొని ఊపిరి పీల్చుకోమంటారు కదా, అప్పుడు."

"ఊరికే కూర్చోలేక..." అని తూనీగ నసిగింది. మేడం నేల చూపులు చూసింది. ప్రిన్సిపాల్ మళ్లీ పుస్తకం తెరిచాడు. కేంద్రంలో పాఠం చెప్పేవారి గంటలు హాజరు కిందే లెక్క. సాక్షులు ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఆయన సంతకం పెట్టాడు, మేడం ముద్ర వేసింది, తల్లి హాల్‌టికెట్‌ను జాకెట్టు గుడ్డలా రెండు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

ఆ నెల నివేదికలో మేడం రాసింది: "మా ఆసరాతో గట్టెక్కిన విద్యార్థులు: ఒకరు."