సైనిక తొర్రల సాంత్వన శాఖ

ఒక పెద్ద అడవిలో చెట్లకున్న కొమ్మలకంటే ప్రభుత్వానికున్న శాఖలే ఎక్కువ. దాహం శాఖ, నీడ శాఖ, గుహల కేటాయింపు శాఖ, వీటన్నిటి మీదా అజమాయిషీకి ఇంకో శాఖ. వాగు ఎండినప్పుడు మాత్రం ఎవరి గొంతు వాళ్ళే తడుపుకోవాలి.

రాజు పులి. పేరుకే రాజు. మధ్యాహ్నం దాకా నిద్ర, ఆ తర్వాత ఆవలింతలు. పని నడిపేది ఇద్దరు. ఒకడు సేనాపతి అడవిదున్న. ఆయనకు ఒంట్లోనూ కొవ్వే, మాటలోనూ కొవ్వే. రెండోవాడు సెలవుల అధికారి ఉడుము. ఏ మహానుభావుడు ఆ పదవికి అతన్ని ఎంచాడో గానీ, పట్టిన సెలవును వదిలిన పాపాన పోలేదు.

అడవికి తూర్పున ఒక వాగు. వాగుకు అవతల రేచుకుక్కల రాజ్యం. అవి ఎప్పుడు గుంపుగా వచ్చి మీద పడతాయో తెలియదు కనుక ఇవతలి గట్టు పొడుగునా పెద్దముక్కు పిట్టల్ని కాపలా పెట్టారు. ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు ఉంటుంది చూడండి, ఆ పిట్ట. అది గొంతెత్తి అరిచిందంటే కొండ అవతలికి వినిపిస్తుంది.

ఈ పిట్టల కాపురం తీరే వేరు. గుడ్లు పెట్టే కాలం రాగానే ఆడది చెట్టు తొర్రలోకి దూరి, లోపలినుంచి మట్టితో గుమ్మం మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. లోపల దాని రెక్కల ఈకలు కూడా రాలిపోతాయి, ఇక ఎగరలేదు. పిల్లలు ఓ పాటికి ఎదిగేదాకా మొగుడే పళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందించాలి. మొగుడు రాకపోతే తల్లీ పిల్లలూ లోపలే ఎండిపోతారు. తరతరాలుగా ఇదే ఏర్పాటు. అడవిలో ఎవరినడిగినా చెప్తారు, ప్రభుత్వాన్ని తప్ప.

సింగన్న అనే పెద్దముక్కు పిట్టకు గట్టుమీదికి పిలుపొచ్చింది. అతని పెళ్ళాం ముత్యాలు అప్పుడే తొర్ర మూసుకుంది. గుమ్మం మట్టి ఇంకా ఆరనేలేదు.

సింగన్న వెళ్ళి ఉడుము కాళ్ళ మీద పడ్డాడు. "పిల్లలొచ్చే కాలం, దొరా. పొద్దున్నోసారి, సాయంత్రమోసారి ఇంటికెళ్ళి పళ్ళు పెట్టొస్తాను. మిగతా వేళంతా కళ్ళల్లో ఒత్తులేసుకుని కాపలా కాస్తాను."

"దేశభక్తి పొద్దున్నోసారి, సాయంత్రమోసారి ఉంటే సరిపోతుందా?" అన్నాడు ఉడుము.

"ఆకలి మాత్రం రెండుపూటలా ఉంటుంది కదండీ!"

"ఆకలి మా శాఖ కాదు."

చెప్పకుండా వెళ్ళిపోదామా అంటే అదీ కుదరదు. అతనుండే తొర్ర సైన్యం ఇచ్చిన తొర్ర. కాపలా వదిలినవాడి కుటుంబాన్ని వెంటనే ఖాళీ చేయించాలని శాసనం. ఈకల్లేని ముత్యాలును బయటికి లాగితే పునుగుపిల్లి నోటికి అందించినట్టే. సింగన్న కాపలాకు వెళ్ళిపోయాడు.

కొద్ది రోజులకే సైనికుల ఇళ్ళలో ఏడుపులు మొదలయ్యాయి. తొర్రల్లోంచి, పొదల్లోంచి, గుహల్లోంచి ఒకటే గోల. రాజుగారి నిద్ర చెడింది. దాంతో అది దేశ సమస్య అయిపోయి సభ కూడింది.

"ఒక్కడికి సెలవిస్తే అందరూ ఎగబడతారు. గట్టు ఖాళీ అవుతుంది!" అని సేనాపతి రంకె వేశాడు.

"సెలవెవరిమ్మన్నారు?" ఉడుము నాలుక బయటపెట్టి లోపలికి లాక్కున్నాడు. "వాళ్ళకు కావలసింది మొగుళ్ళు కాదు, ఓదార్పు. ఓ కుటుంబ సలహాదారుని వేద్దాం. మొగుణ్ణి పంపితే మళ్ళీ తిరిగొస్తాడో రాడోనని మనకు బెంగ. సలహాను పంపితే ఆ బెంగ లేదు."

రాజు ఆవలించాడు. దాన్ని ఆమోదం కింద జమకట్టారు.

ఆ పదవికి మంజువాణి అనే చిలుక దొరికింది. ఆమె పూర్వచరిత్ర ఘనమైనది. పట్నంలో మొగుడూ పెళ్ళాల తగాదాలు చక్కబెట్టే ఓ కౌన్సెలింగ్ సెంటర్ వరండాలో ఆమె పంజరం వేలాడుతుండేది. లోపలినుంచి వచ్చే మాటలన్నీ ఏళ్ళ తరబడి విన్నది. ఆ మాటల తర్వాత లోపలివాళ్ళు పడే పాట్లు వరండాలోకి వినిపించవు కదా! అందుకని ఉద్యోగమంటే మాటలేనని తేల్చుకుంది. ఓరోజు పంజరం తలుపు వేయడం మరిచిపోతే ఎగిరొచ్చేసి, "దాంపత్య వ్యవహారాల్లో పట్నపు అనుభవం" ఉందని చాటుకుంది.

ఆమెకు జోడు లేదు, గూడు లేదు, గుడ్డు బరువు ఎంతుంటుందో తెలియదు. "అందుకే నేను ఎవరి పక్షమూ వహించను" అనేది గర్వంగా.

మొట్టమొదట ముత్యాలు తొర్ర ముందు కొమ్మ మీద వాలింది. చప్పుడు వినగానే సందులోంచి ముత్యాలు ముక్కు ఆత్రంగా బయటికొచ్చింది.

"వచ్చావా మావా! పళ్ళు తెచ్చావా?"

"నేను మీ కుటుంబ సలహాదారుని. మీకిప్పుడు ఎలా అనిపిస్తోంది?"

"ఆకలేస్తోందమ్మా."

"అంటే, మీకు ఆకలేస్తున్నట్టు అనిపిస్తోంది."

"అనిపించడమేమిటి తల్లీ, వేస్తోంది. పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని వచ్చేశారు, ఇద్దరు. తెరిచిన నోళ్ళు మూయడం లేదు. ఒక్కసారి మా ఆయన్ని పంపించండి, మీకు పుణ్యముంటుంది."

"చూడండి ముత్యాలుగారూ, ఆయన రాకపోవడం సమస్య కాదు. ఆయన రావాలని మీరు ఎదురుచూడటం సమస్య. ఆ ఎదురుచూపును మనం నెమ్మదిగా తగ్గించుకోవాలి."

ముత్యాలు సందులోంచి చిలుకను ఎగాదిగా చూసింది. తర్వాత అడిగింది. "నీకు పిల్లలున్నారా తల్లీ?"

"మనం ఇక్కడ నా గురించి మాట్లాడుకోవడం లేదు" అంది మంజువాణి. పట్నంలో ఈ మాట ఆమెకు బాగా నచ్చింది.

అంతలో పక్క చెట్టు మీదినుంచి అంకమ్మ దూకింది. అంకమ్మ ఆడ కొండముచ్చు. ఆమె మొగుడూ సైనికుడే, గట్టుమీదే ఉన్నాడు. పొట్టకు పిల్లను హత్తుకుని, గుప్పెట్లో జువ్విపళ్ళు పట్టుకొచ్చింది.

"ఆగండి!" అని మంజువాణి రెక్కలడ్డం పెట్టింది. "మీరు చేస్తున్నది సాయం కాదు. ఈమెకు పరాధీనత నేర్పుతున్నారు."

"ఏంటి నేర్పుతున్నానూ?"

"మీరు పెడుతూ ఉంటే ఈమె అలవాటు పడిపోతుంది."

"పడనియ్. అలవాటు సంగతి తర్వాత, ముందు కడుపులో ఏదో ఒకటి పడాలా వద్దా?" అంటూ అంకమ్మ పళ్ళను సందులోకి తోసింది. "చోద్యం కాకపోతే, పెట్టదు, పెట్టనివ్వదు!"

మర్నాటికల్లా ఆజ్ఞ వచ్చేసింది. సైనిక తొర్రలకు ఇరుగుపొరుగు తిండి అందించరాదు, అది చికిత్సకు భంగం. అంకమ్మ ఆ ఆజ్ఞను వినీ విననట్టు ఊరుకుంది. చిలుక లేనప్పుడు చూసి, తన బిడ్డకు పెట్టగా మిగిలిన పళ్ళు తెచ్చి సందులో వేసి పోయేది. మిగిలేదే తక్కువ. ఒక్కోరోజు అసలు మిగిలేదే కాదు.

మంజువాణి గట్టుమీదికి వెళ్ళేసరికి సింగన్న ఎదురొచ్చాడు.

"మా ముత్యాలును చూశారా? ఎలా ఉంది? పిల్లలొచ్చారా?"

"ఆ వివరాలు చెప్పకూడదు. వృత్తి ధర్మం."

సాయంత్రాలు ఉడుముకు మాత్రం అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. దానికి వృత్తి ధర్మం అడ్డురాలేదు.

"నీ బాధకు ఒక సాధన ఉంది" అంది మంజువాణి. "రోజూ తెల్లవారగానే గొంతునిండా జువ్విపళ్ళు నింపుకో. ఇంటివైపు తిరిగి కళ్ళు మూసుకో. ఆమెకు అందిస్తున్నట్టు భావించు. ఎండ ఎక్కేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు. పండు జారిందంటే బంధం జారినట్టే."

"అలా చేస్తే అక్కడ దానికి పండు అందుతుందా?"

"భావన అందుతుంది."

సింగన్న వెర్రివాడేం కాదు. కానీ ఆలుబిడ్డల మీద బెంగపెట్టుకున్నవాడు ఏది చెప్పినా చేస్తాడు. మర్నాడు పళ్ళు నింపుకుని కళ్ళు మూసుకున్నాడు. సందులోంచి వచ్చే ముత్యాలు ముక్కు కళ్ళకు కట్టింది. నీళ్ళు కారిపోయాయి. ఆ కాసేపూ ఇంటికెళ్ళినట్టే ఉంది.

ఇది చూసి ఉడుము ఎగిరి గంతేశాడు. నోట్లో పళ్ళున్నవాడు సెలవడగలేడు! సేనాపతితో చెప్పి ఆ సాధనను గట్టు పొడుగునా తప్పనిసరి చేయించాడు. అటు తొర్రల్లో కూడా అరుపులు తగ్గాయి. తిండిలేని గొంతు ఎన్నాళ్ళని అరుస్తుంది? సభలో మాత్రం దాన్ని ప్రశాంతత అన్నారు. మంజువాణికి "సాంత్వన సరస్వతి" అని బిరుదిచ్చి, ఓ జామతోట రాసిచ్చారు. సిగ్గూ శరం లేని సభ, చప్పట్లు కూడా కొట్టింది.

వాగు అవతల రేచుకుక్కల నాయకురాలు ఇదంతా చూస్తూనే ఉంది. తెల్లవారేసరికి కాపలా పిట్టలన్నీ వాగుకు వీపు పెట్టి, కళ్ళు మూసుకుని, ఉబ్బిన గొంతులతో కూర్చుంటున్నాయి. మొదట ఇదేదో పన్నాగమని భయపడింది. పన్నాగం కాదు, ప్రభుత్వ పథకమని తెలిశాక నీళ్ళలో కాలు పెట్టింది.

నీళ్ళ చప్పుడుకు సింగన్న కళ్ళు తెరిచాడు. వాగు నిండా కుక్కలు. అరవబోతే గొంతులోంచి గురక తప్ప ఏమీ రాలేదు. పళ్ళు ఉమ్మేయాలి. ఆ సంగతి తెలుసు. కానీ ఇన్నాళ్ళూ ఆ పళ్ళనే ముత్యాలు అనుకున్నాడు, పిల్లలనుకున్నాడు. ఉమ్మడానికి మనసు రాలేదు. మనసు చిక్కబట్టుకుని ఉమ్మి, గొంతు సవరించుకునేసరికి రేచుకుక్కలు ఇవతలి గట్టు మీద ఒళ్ళు దులుపుకుంటున్నాయి.

సేనాపతి అడవిదున్న అందరికంటే ముందున్నాడు, పరుగులో. ఆ పూటకు గట్టూ పోయింది, గట్టుమీది జువ్విచెట్లూ పోయాయి. కాయడానికి గట్టే లేనప్పుడు కాపలా ఏమిటని సింగన్న ఇంటిదారి పట్టాడు. దారిలో కనబడిన ప్రతి పండూ గొంతులో వేసుకున్నాడు.

తొర్ర మీద వాలగానే లోపలినుంచి నీరసంగా మాట వినిపించింది. "మాటలకైతే పో తల్లీ. వినే ఓపిక లేదు."

"ముత్యాలూ, నేనే."

ముక్కు మెల్లగా బయటికొచ్చింది. సింగన్న ఒక్కో పండే అందించాడు. ఆమె తినకుండా వెనక్కి తిరిగి పెట్టింది. లోపల కిచకిచమని ఒక్క గొంతే వినిపించింది.

"రెండోది?"

"పోయింది మావా. అంకమ్మ తెచ్చింది ఇద్దరికీ చాలలేదు. ఎవరికి పెట్టాలో నేనే చూసుకోవాల్సొచ్చింది."

సింగన్న ముక్కు సందులోనే ఉంచి భోరున ఏడ్చాడు. ఆ ఏడుపు అడవంతా వినిపించింది.

రేచుకుక్కల పాలు కాగా మిగిలిన సగం అడవిలో విచారణ సభ పెట్టారు. మంజువాణి నిబ్బరంగా నిలబడింది.

"మొగుడు దగ్గర లేకపోయినా, తిండి రాకపోయినా, మా సలహాతో ఆ తొర్రలో ఒక బిడ్డ బతికింది. ఇది మా శాఖ సాధించిన విజయం."

"నేను పెట్టిన పళ్ళతో బతికింది!" అని అంకమ్మ అరిచింది.

"అంటే ఆజ్ఞ మీరానని నీ నోటితోనే ఒప్పుకున్నావు" అన్నాడు ఉడుము. అంకమ్మను ఆ చెట్టెక్కకుండా నిషేధించారు.

సింగన్న లేచాడు. "మరి చచ్చిపోయిన నా బిడ్డ?"

"తల్లి భావన చాలలేదు" అంది మంజువాణి. "పైగా నువ్వు గట్టుమీద పళ్ళు ఉమ్మేశావట. బంధం జారుతుందని ముందే చెప్పాను కదా!"

గట్టు పోవడానికీ అదే కారణమని సేనాపతి తలాడించాడు. ఇక తొర్రకో చిలుకను వేయాలని తీర్మానం చదవడం మొదలుపెట్టారు. అది పూర్తికాకుండానే సింగన్న ఎగిరిపోయాడు, బిడ్డకు పండు పెట్టే వేళయింది. ఆపమని సేనాపతి రంకె వేశాడు గానీ, తొర్ర ఖాళీ చేయించే సిబ్బంది రేచుకుక్కలొచ్చిన రోజే పారిపోయి ఇంకా తిరిగిరాలేదు.

నీతి: సెలవివ్వని ప్రభుత్వం సలహా ఇస్తుంది, బిడ్డ బతికితే అది సలహా మహిమ, చస్తే తల్లి తప్పు.