సెలవురోజు తన్వి

రెండో వైకల్య సర్టిఫికెట్ మీద ముద్ర పడిన మధ్యాహ్నం ఏడుకొండలు, సులోచనల ఆరేళ్ల కూతురు తన్వి ఇద్దరయింది. ఆఫీసు వరండాలో ఒక తన్వి బెంచీ మీద కూర్చుని సోడామూతలు వరసగా పేరుస్తూ ఉండగా, ఇంకో తన్వి మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. ఇద్దరికీ అదే పసుపు గౌను, అదే ఊడిన ముందుపన్ను.

గుమాస్తా ప్రభుదాసు ఇందులో కంగారుపడాల్సింది ఏమీ లేదన్నాడు. సర్టిఫికెట్‌లో లోపం పేరు రాయడానికి ఒక్కటే గడి ఉంటుంది. మొదట అందులో ఆటిజం అని రాశారు. తర్వాత డాక్టరుగారు ఏడీహెచ్‌డీ కూడా ఉందని, నిలకడ లేకపోవడం దానివల్లేనని తేల్చారు. గడి ఒకటీ లోపాలు రెండూ అయినప్పుడు గడిని పెంచే అధికారం ఎవరికీ లేదు కాబట్టి బిడ్డే ఇద్దరవుతుంది. చీరాల చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఇలాగే ఉందని, అయితే బియ్యం కార్డులో మాత్రం ఒక్కరినే చూపించాలని చెప్పాడు.

వాళ్లు ఇద్దరినీ ఇంటికి తెచ్చుకున్నారు. ఏడుకొండలు అక్క చూడటానికి వచ్చి, తమ వంశంలో ఇద్దరయినవాళ్లు ఎవరూ లేరని ముందే తేల్చేసింది. "అన్నం తినడంలేదని సెల్లు చేతికిచ్చావు చూడు సులోచనా, అప్పుడే చీలింది బిడ్డ," అంది. సులోచన ఆవిడకి కాఫీ ఇచ్చింది.

ఏడుకొండలు కోల్డ్ స్టోరేజీలో కాటా దగ్గర పనిచేసేవాడు. పొద్దున్నే మొదటి తన్విని మాటలు నేర్పే సెంటర్‌లో స్కూటర్ మీద దించి పనికి వెళ్లేవాడు. సులోచన రెండో తన్విని కూర్చోవడం నేర్పే సెంటర్‌కి ఆటోలో తీసుకెళ్లేది. మొదటి పాప బాగానే కూర్చుంటుంది గానీ పిలిస్తే పలకదని అక్కడివాళ్లు చెప్పేవారు. రెండో పాప బాగానే పలుకుతుంది గానీ కూర్చోదని రెండో సెంటర్‌వాళ్లు చెప్పేవారు. కూర్చోవడం, పలకడం రెండూ చేసే పాపను తెస్తే తప్పకుండా సీటిస్తానని స్కూలు హెడ్మిస్ట్రెస్ మర్యాదగానే చెప్పింది.

సెలవురోజుల్లో ఆఫీసు ఉండదు కనుక సర్టిఫికెట్లు పనిచేయవు. ఆ రోజుల్లో తన్వి ఒక్కతే అయ్యేది. ఆదివారం తెల్లారేసరికి చాప మీద ఇద్దరికి బదులు ఒక్క పాప పడుకుని ఉండేది. లేవగానే మేనమామ కూల్‌డ్రింకు బడ్డీ నుంచి తెచ్చుకున్న సోడామూతలు వంటింట్లోంచి వీధిగుమ్మం దాకా పేర్చి, వాటి పక్కనే కూతపెడుతూ పరుగెత్తేది. మూతలు పట్టాలు, తను రైలు. గుమ్మం దగ్గర నాన్న గేటు. ఆయన చెయ్యి అడ్డంగా చాచి నిలబడాలి.

"నాన్నా, గేటెత్తు," అనేది తన్వి. ఆయన చెయ్యి ఎత్తేవాడు. రైలు వీధిలోకి పోయేది.

పనిదినాల్లో మొదటి తన్వి పట్టాలు వేసి చివర్న కూర్చునేది. ఏ రైలూ వచ్చేది కాదు. రెండో తన్వి పట్టాలు లేనిచోట పరుగెత్తి తలుపులకు గుద్దుకునేది. రిపోర్టుల్లో మొదటిదాన్ని అర్థంలేని పేర్పు అనీ రెండోదాన్ని అర్థంలేని పరుగు అనీ రాశారు. విడివిడిగా చూస్తే రెండూ నిజమే.

అప్పట్నించీ ఆ ఇంట్లో క్యాలెండర్ దేవుడి పటం పక్కకి వచ్చింది. ఒక మాజీ మంత్రి పోయాడని టీవీలో చెప్పిన రోజున సులోచన చేతులు తుడుచుకుంటూ వచ్చి, సెలవిచ్చారా అని అడిగింది. ఇవ్వలేదన్నాక, పాపం మంచివాడు అంది.

సర్టిఫికెట్లను ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించాలి. అందుకు తల్లిదండ్రులిద్దరూ, పిల్లలిద్దరూ పనిదినాన వచ్చి సంతకం కోసం కూర్చోవాలి. కూలిపని, కొట్టుపని చేసుకునేవాళ్లకు అది కుదరదు. వరండా బెంచీల మీద పరిచయమైనవాళ్లంతా ఒక సంఘం పెట్టుకున్నారు. అందులో డిగ్రీ చదివినవాడు, వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడు ఏడుకొండలే. అర్జీ అతన్నే రాయమన్నారు. సెలవుదినాల్లో సైతం ఈ కార్యాలయము పనిచేయునట్లు ఉత్తర్వులు ఇప్పించ ప్రార్థన అని చక్కటి దస్తూరీతో రాశాడు. అందరూ మెచ్చుకున్నారు.

ఎన్నడూ లేనిది ఆ అర్జీ వెంటనే మంజూరైంది. ఆఫీసు ఇకమీదట ఏడాది పొడవునా తెరిచే ఉంటుందని ప్రకటించారు. సంఘంవాళ్లు ఏడుకొండలుకి శాలువా కప్పి ఫొటో తీయించారు. ఆ వచ్చిన ఆదివారం అతను ముందుగానే లేచి గుమ్మం దగ్గర చెయ్యి చాచి నిలబడ్డాడు. చాప మీంచి ఇద్దరు లేచారు.

"రాసేముందు ఒక్కమాట నాతో అని ఉండాల్సింది," అంది సులోచన. తర్వాత రెండు కంచాలూ కడిగి పెట్టింది.

వాళ్లు ప్రభుదాసు దగ్గరకి వెళ్లి ఆదివారమైనా ఆఫీసు మూయమని అడిగారు. ప్రజల కోరిక మీద ఇచ్చిన సౌకర్యాన్ని వెనక్కి తీసుకుంటే ప్రజలు ఊరుకోరని అతను చెప్పాడు. ఒక్క పాపే కావాలంటే వేరే దారి ఉందన్నాడు. రెండింట్లో ఒక సర్టిఫికెట్ వాపసు చేస్తే చాలు. వాపసు చేసినదాని తాలూకు పాప రికార్డులో ఉండదు, ఇంట్లోనూ ఉండదు.

"జనం ఎవర్ని ఉంచుకుంటారండీ?" అని అడిగాడు ఏడుకొండలు.

"చాలామంది కూర్చునే పాపనే ఉంచుకుంటారు సార్. చుట్టాలొస్తే ఇబ్బంది ఉండదు."

సులోచన రెండు సర్టిఫికెట్లూ బల్ల మీద పెట్టింది. "గేటెత్తు నాన్నా అని అడిగేది వీళ్లలో ఎవరో చెప్పండి. ఆ పాపని ఉంచుకుంటాం," అంది.

ప్రభుదాసు నిజాయితీ గలవాడు. రెండు ఫైళ్లూ తెరిచి, మొదటి పేజీ నుంచి చివరిదాకా ఓపిగ్గా చూశాడు.

"ఆ పాప వీళ్లలో లేదమ్మా," అన్నాడు. "అది సెలవురోజు పాప. ఆ పాపకి సర్టిఫికెట్ లేదు."

సులోచన రెండు కాగితాలూ తీసుకుని విడివిడిగా మడిచి సంచిలో పెట్టుకుంది. ఏదీ వాపసు చేయలేదు.

వాళ్లు రెన్యువల్‌కి ఆదివారాలే వస్తున్నారు. ఏడుకొండలుకి జీతం కోత ఉండటం లేదు. మొన్న వచ్చినప్పుడు మొదటి తన్వి వరండా పొడుగునా మూతలు పేర్చింది. రెండో తన్వి మెట్ల దగ్గర పరుగెత్తుతోంది. బెంచీ మీద కొత్తగా వచ్చిన జంట తమ బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని, లోపల రెండో ముద్ర పడటం కోసం ఎదురుచూస్తున్నారు. ఆ తండ్రి మాట కలిపి, మీకు ఎంతమంది పిల్లలండీ అని అడిగాడు.

ఇన్నాళ్లూ ఈ ప్రశ్నకి ఏడుకొండలు ఒక్కతే అని చెప్పేవాడు.

"ఇద్దరండి," అన్నాడు.

"ఒకటే పోలిక. కవలలా?"

"ఆఁ, అంతే."

అతని కుడిచెయ్యి మెట్లకు అడ్డంగా చాచి ఉంది. రెండో తన్వి పరుగున వచ్చి, ఏమీ అడగకుండా దాని కిందనుంచి దూరి పోయింది.